నాలుగు జతలు

బండి ఆగి ఉన్నచోట నేల ఇంకా పొడిగానే ఉంది. చుట్టూ తారు తుంపరకు నల్లగా తడిసి మెరుస్తోంది. నడుమ మాత్రం నాలుగు మంచాలు పట్టేంత మేర, కత్తెరతో కత్తిరించినట్టు, బూడిదరంగు పొడినేల. చిజురు దాని అంచున నిలబడి చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంటూ, వరస తప్పి వచ్చానేమో అనుకుంది. పక్క వరసలో రాత్రి నుంచీ ఉన్న చిన్న వ్యాను అలాగే ఉంది, అద్దాలకు లోపలి నుంచి అడ్డంపెట్టిన వెండిరంగు అట్టలతో సహా. ఇవతల చక్రాలు ఆపే సిమెంటు దిమ్మ. దాని మూల విరిగి ఉంది. నిన్న సాయంత్రం భర్త షిగెనొరి బండిని వెనక్కి నడుపుతూ "చూడు చూడు, తగులుతోందా?" అని అరిస్తే, "ఇంకా జానెడు ఉందండీ" అని చెప్పింది తనే. ఆ దిమ్మే ఇది. దిమ్మ ఉంది, దిమ్మ పక్కన రాలిన దేవదారు సూదులు ఉన్నాయి, బండి లేదు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, అద్దంలో కళ్ళ కింద ఉబ్బు చూసుకుని వచ్చింది, అంతే. పది నిమిషాలు పట్టి ఉంటుంది. మరుగుదొడ్ల గోడమీది గడియారం ఆరూ పన్నెండు చూపిస్తోంది.

మొదట నవ్వొచ్చింది. ఇప్పుడే వెనక్కి తిరిగొస్తారు, కొతొనె కిటికీలోంచి తల బయటపెట్టి "అమ్మా, నిన్ను మరచిపోయాం!" అని పొట్ట పట్టుకుని నవ్వుతుంది, పందొమ్మిదేళ్ళొచ్చినా ఆ పిల్లకు నవ్వొస్తే ఆగదు, కళ్ళమ్మట నీళ్ళు కారాల్సిందే. ఇక ఈ కథ జన్మంతా చెప్పుకుంటారు, చుట్టాలొచ్చినప్పుడల్లా, అమ్మను దారి మజిలీలో వదిలేసి వెళ్ళిపోయిన కథ, తనూ టీ పోస్తూ నవ్వుతుంది. మలుపు వైపు చూసింది. సముద్రం పక్కగా వచ్చే రోడ్డు అక్కడ కొండ వెనక్కి పోతుంది. మలుపు వెనక నుంచి ఒక పాలబండి వచ్చింది. ఒక చేపల లారీ అటు వెళ్ళింది. నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకోవడంతో బుగ్గలు నొప్పెట్టాయి. దించేసుకుంది.

ఎలా జరిగి ఉంటుందో చూడకుండానే తెలుస్తోంది. షిగెనొరి ముప్ఫై ఏళ్ళుగా రైలు బ్రేకులు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఏ పనైనా మొదలుపెట్టేముందు వేలు చాపి చూపిస్తూ పైకి చెప్పడం అక్కడి పద్ధతి. ముప్ఫై ఏళ్ళు నిండినందుకు వాళ్ళిచ్చిన పది రోజుల సెలవులో, ఎన్నాళ్ళుగానో వీడియోలు చూసి చూసి కోరుకున్న ఈ క్యాంపింగ్ బండిని అద్దెకు తెచ్చినా, ఆ వేలు మాత్రం ఇంటి దగ్గర వదిలి రాలేదు. బయలుదేరే ముందు ప్రతిసారీ చూపుడువేలు చాపి, గొంతు పెంచి, "మెట్టు మడిచాను, సరే! గ్యాసు కట్టేశాను, సరే! పైకప్పు కిటికీ మూశాను, సరే! బూట్లు నాలుగు జతలు, సరే!" అంటాడు. బూట్లెందుకండీ లెక్క అని మొదటిరోజు అడిగితే, "మనుషుల్ని లెక్కపెట్టాలంటే వెనక్కి తిరిగి చూడాలి, తెరలు తీయాలి. బూట్లయితే గుమ్మంలోనే ఉంటాయి. బూట్లుంటే మనిషి ఉన్నట్టే కదా" అన్నాడు గొప్పగా. అందరూ మెచ్చుకున్నారు. తనూ మెచ్చుకుంది. ఇవాళ కూడా గుమ్మం పక్క పళ్ళెంలో నాలుగు జతలూ ఉంటాయి, వాటిలో తన నీలం కాన్వాసు బూట్లు, అత్తయ్య రాత్రి పడుకోబోతూ లేసులు లోపలికి దూర్చి మొనలు వాకిలికి తిప్పి సర్దినట్టే. తను వేసుకొచ్చింది ఈ చెప్పులు. అందరూ వాడుకునేవి. మామగారివి. చీకట్లో బూట్ల లేసులు వెతుక్కుంటే అందరికీ మెలకువ వస్తుందని, చేతికందిన వీటిలో కాళ్ళు దూర్చి దిగింది. బండిలో మరుగుదొడ్డి ఉంది గానీ, దాని డబ్బా కడగాల్సింది షిగెనొరే కనుక మొదటిరోజే దాన్ని గొడుగులకూ మడతకుర్చీలకూ గది చేసేశాడు.

ఆపైన తెర. అడుగున, వెనకవైపున్న పడక తనది. దానికి లేత గోధుమరంగు తెర. తెర వేసి ఉంటే ఆ మనిషిని పలకరించకూడదన్నది అత్తయ్య పెట్టిన పద్ధతి. ఆవిడ కాపురానికి వచ్చిన ఇంట్లో తొమ్మిదిమంది మనుషులు, గదికీ గదికీ మధ్య కాగితం తలుపులేనట. పక్కగదిలో ఏడిస్తే వినబడుతుంది, గుసగుసలాడుకుంటే వినబడుతుంది, కానీ వినబడినట్టు ఎవరూ ఉండరు. "అలా ఉంటేనే ఒక కప్పుకింద బతగ్గలం" అంది ఆవిడ బయలుదేరిన రోజు పొద్దున, బండిలోకి ఎక్కి అటూ ఇటూ చూసి. "తెర వేశారా, ఆ మనిషి ఊళ్ళో లేనట్టే లెక్క." ఆ మాటకు కొతొనె చప్పట్లు కొట్టింది. అత్తయ్య మాట నిజం చేస్తున్నట్టు ఇప్పుడు ఆ తెర వెనక ఎవరూ లేకుండానే బండి సముద్రం పక్కన పరుగెడుతోంది. అక్కడున్న చిజురు రాత్రి అలిగి పడుకుంది, లేపకూడదు, పాపం పడుకోనివ్వాలి. ఇక్కడున్న చిజురు సంగతి ఎవరికీ తెలియదు.

అలిగింది నిజమే. అలగాలని అలగలేదు. చెప్పాలనుకున్న మాట ఒకటే. ఆ మాట గొంతులో పెట్టుకుని మూడు రోజులు తిరిగింది. బయలుదేరే ముందు సాయంత్రం ఉత్తరం వచ్చింది, ఇరవై ఒక్కేళ్ళుగా తను పనిచేస్తున్న బడిపిల్లల భోజనాల వంటశాల ఈ నెలాఖరుకి మూసేస్తున్నారని, సెలవులయ్యాక పిల్లలకు అన్నం పక్క ఊళ్ళోని పెద్ద కార్ఖానా నుంచి వస్తుందని. ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంట్లో అయితే ఆయన రాత్రి పదింటికి వస్తాడు, పిల్ల చెవుల్లో పాటలుంటాయి, అత్తయ్య టీవీ ముందు ఉంటుంది. బండిలో అయితే నలుగురూ ఒకే గదిలో, తప్పించుకుపోయే దారి లేదు, అక్కడ చెబుదాం అనుకుంది. మొదటిరోజు మధ్యాహ్నం, పెద్దరోడ్డు దిగాక, "మా వంటశాల సంగతి ఒకటి…" అని మొదలుపెట్టగానే నెత్తిమీద బర్రుమని చప్పుడు. ఎత్తు తొమ్మిదడుగులని అద్దం మీద కాగితం అంటించుకుని మరీ చెట్టుకొమ్మ కిందకి పోనిచ్చాడు షిగెనొరి. బండి ఆపి, పైకెక్కి, గీత ఎంత పొడుగో జేనలతో కొలిచి, అద్దెకిచ్చినవాళ్ళకు ఫోను చేసి ఫోనుకే నడుం వంచి దండాలు పెట్టి, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రెండోరోజు రాత్రి దీపాలార్పాక, నాలుగు ఊపిర్లు చీకట్లో దగ్గర దగ్గరగా వినబడుతుంటే, ఇదే సమయం అనుకుని "వింటున్నారా" అంది. అప్పుడే పైన కొతొనె పక్కకు జరిగింది. ఎత్తుపల్లం సరిచూడకుండా ఆపారేమో బండి ఒకవైపు ఒరిగింది. అత్తయ్య దుప్పటితో సహా జారివచ్చి తన కాళ్ళమీద పడింది. "భూకంపమా?" అంది ఆవిడ నిద్రలోనే. "కాదు నానమ్మా, నువ్వే" అంది కొతొనె. ఇక నవ్వులే నవ్వులు. షిగెనొరి ఆ చలిలో దిగి చక్రాల కింద చెక్కలు పెడుతూ, "మళ్ళీ జారితే చెప్పండి, ఇంకో చెక్క ఉంది" అని కిందనుంచి అరుస్తుంటే, తను కూడా కడుపు నొప్పొచ్చేదాకా నవ్వింది. ఎన్నేళ్ళయిందో నలుగురూ అలా కలిసి నవ్వి. అంత నవ్వులో ఆ మాట ఎలా చెబుతుంది?

నిన్న చెప్పేసింది. సగం. కుక్కర్లో అన్నం ఉడుకుతోంది, షిగెనొరి ఆ ఊరి రేవులో కొన్న చేపను ముక్కలు కోస్తున్నాడు, "మా వంటశాల మూసేస్తున్నా…" అంది, అదే క్షణాన స్నానం చేసి వచ్చిన కొతొనె జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టింది. టప్‌మని బండంతా చీకటి. "ఎవరు పెట్టారది? కుక్కరుండగా అదెలా పెడతారు? బ్యాటరీ పోతే రేపెలా? అమ్మా, నువ్వైనా చూసుకోవద్దా?" అన్నాడు షిగెనొరి. కొతొనె పుట్టినప్పటి నుంచీ ఆయన కూడా తనని అమ్మా అనే పిలుస్తాడు. టార్చిలైటు, వాడకం పుస్తకం, ఏ ఎర్రతీగ ఎక్కడికి పోతుందో, గంటసేపు. అన్నం పలుకు విరగలేదు. కొట్లో రొట్టెలు కొనుక్కుని తిన్నారు. చేప బాగుందన్నారు. ఏదో చెప్పబోయావు కదా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఏడున్నరకే తెర లాక్కుని పడుకుంది. తెర ఇవతల వాళ్ళు గొంతులు తగ్గించుకున్నారు. అది కూడా తన మీద దయతోనే.

తుంపర పొడినేల మీద కూడా పడుతోంది. ఒక్కో చుక్క ఒక్కో చోట, ఇంకా ఒకదాన్నొకటి తాకకుండా. చిజురు చూరు కిందకి వెళ్ళి, మజిలీ కొట్టు బయట వేసిన చెక్క బల్లల వెనక నిలబడింది. ఆరున్నరకు ఒక చిన్న తెల్ల ట్రక్కు వచ్చి ఆగింది. అందులోంచి అరవై దాటిన ఒకావిడ, మెడచుట్టూ కండువాతో, పాదాలకు రబ్బరు బూట్లతో దిగి, దోసకాయల పెట్టెలూ మొక్కజొన్న పొత్తుల పెట్టెలూ దించి బల్లలమీద సర్దసాగింది. ఒక్కో సంచికీ చీటీ అంటిస్తోంది. చీటీ మీద కుదో అన్న ఇంటిపేరూ, నవ్వుతున్న ఆవిడ ఫోటోనూ. ఇరవై సంచుల మీద ఇరవై నవ్వులు. నవ్వకుండా అంటిస్తోంది.

"ఏమ్మా, వదిలేసి పోయారా?" అంది తల ఎత్తకుండానే.

"లేదండీ. పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళారు. వచ్చేస్తారు."

"బంకు ఎనిమిదింటికి గానీ తెరవరే."

చిజురు తడి చేతిరుమాలును మడిచింది.

"ఫర్వాలేదులే, వేసవిలో ఇక్కడ మామూలే. పోయినేడాది ఓసాకా ఆవిడ ఒకామె, పళ్ళు తోముకుంటూ ఇలా తిరిగొచ్చేసరికి బండి లేదు. నోట్లో బ్రష్షుతోనే నిలబడిపోయింది. అంతకు ముందేడు ఒక మొగుడు. ఆయన్ని మాత్రం కావాలనే వదిలారని నా అనుమానం."

"ఎంతసేపటికి వచ్చారు?"

"ఆవిడకా? మూడు గంటలు. మొగుడికి గంటన్నర." కుదో గారు ఒక పొత్తు మీది ఆకు కాస్త ఒలిచి గింజలు చూసి మళ్ళీ కప్పింది. "కుక్కయితే పావుగంట. పోయిన నెల ఒకళ్ళు కుక్కను మరచిపోయి పావుగంటలో తిరిగొచ్చారు, బండి నిండా ఏడుపులు."

చిజురుకు నిజంగానే నవ్వొచ్చింది. ఆవిడ అప్పుడు తల ఎత్తి చూసింది, ముందు ముఖాన్ని, తర్వాత కాళ్ళను. "చెప్పులు మగవాళ్ళవిలా ఉన్నాయే."

"మా మామగారివి."

"ఆయనా వచ్చారా?"

"ఆయన పోయి ఆరేళ్ళయింది. చెప్పులే వచ్చాయి. ఈ సముద్రం చూడాలని ఉండేదట ఆయనకి. మా అత్తయ్య వీటిని పట్టుకొచ్చింది."

"మంచిదే. ఖర్చు తక్కువ," అంది కుదో గారు. జేబులోంచి ఫోను తీసి బల్ల మీదుగా చాపింది. "ఇంద. నంబరు గుర్తుంది కదా?"

గుర్తుంది. పెళ్ళికి ముందు నుంచీ అదే నంబరు, మధ్యలో ఒక అంకె కలిసింది, అంతే. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ ఫోను ఆవిడ అరచేతిలో, మట్టిపట్టిన అద్దంతో, అలా చాపి ఉండగా చిజురు ఆ అంకెలన్నీ మనసులో ఒకసారి చెప్పుకుంది, వరసగా, చివరిదాకా. ఫోను చేస్తే అరగంటలో తిరిగొస్తారు. చేస్తే వాళ్ళకు తను చెప్పినట్టవుతుంది. వాళ్ళంతట వాళ్ళకు తెలిసినట్టు కాదు. ఎవరికి ముందు తెలుస్తుంది, ఎప్పుడు తెలుస్తుంది, అసలు తెలుస్తుందా, అదొక్కటి ఈ పూట తెలుసుకోకపోతే ఇంకెప్పటికీ తెలియదు.

"గుర్తులేదండీ," అంది.

కుదో గారు ఒక క్షణం చూసి ఫోను జేబులో పెట్టేసుకుంది. "తొమ్మిదింటికి లోపల కౌంటరు తెరుస్తారు. వాళ్ళ దగ్గర మైకుంది. పేరు చెబితే మైకులో పిలుస్తారు." ఒక పొత్తు తీసి చేతిలో పెట్టింది. "పచ్చిదే తిను. నాలుగింటికి కోశాను, పాలు కారుతుంటాయి. పిలుస్తారు సరే, వినడానికి వాళ్ళు ఇక్కడుండాలి కదా అని మాత్రం నన్నడక్కు." ట్రక్కు వెళ్ళిపోయింది. ఇరవై ముఖాలు బల్లమీద నవ్వుతూ మిగిలాయి.

పొత్తు తియ్యగా ఉంది. మైకులో పిలిస్తే ఏమని పిలుస్తారు? నెగిషి వారి చిజురు గారు. వంటశాలలో రోజూ పిలిచేవారు. పొద్దున ఏడూ పదికి పదకొండుమంది ఆడవాళ్ళు తెల్లకోట్లలో వరసగా నిలబడితే, పెద్దావిడ పట్టీ చూసి ఒక్కొక్కరి ఇంటిపేరూ చదివేది. నెగిషి! ఉన్నాను! చేతులు చాపు. గోళ్ళు, గాయాలు, కడుపు బాగుందా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా. సాయంత్రం మళ్ళీ. కత్తులు పద్నాలుగు, గరిటెలు తొమ్మిది, చేతితొడుగులు ఇన్ని, మనుషులు పదకొండు. చలిగదిలో ఎవరూ మిగిలిపోకూడదని, తలుపు వేసేముందు అందరి ముఖాలూ చూసుకుని, తాళం. ఒకసారి తను చలిగది వెనక అలమారలో క్యారెట్లు సర్దుతూ ఆలస్యమైంది. ఒక్క నిమిషం కూడా కాలేదు, తలుపు తెరుచుకుని "నెగిషి లేదు! నెగిషి ఎక్కడ?" అని పదిమంది అరుపులు. పద్నాలుగు వందల మంది పిల్లల కూర పొయ్యిమీద ఉండగా, గరిటెలు పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. అప్పుడు సిగ్గుపడింది. ఇన్నేళ్ళూ ఆ పని వీపునొప్పి అనుకుంది, మోచేతి దాకా ఉల్లిపాయ వాసన అనుకుంది. రోజుకు రెండుసార్లు తనని లెక్కపెట్టేవాళ్ళన్నది ఉత్తరం చదివేటప్పుడు కూడా తట్టలేదు. ఆ ఉత్తరంలో ఏం పోతోందో ఇక్కడ, ఈ చూరు కింద, చేతిలో సగం తిన్న పొత్తుతో తెలుస్తోంది.

చుక్కలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. పొడినేల ఇప్పుడు అక్కడక్కడ మచ్చలుగా మిగిలింది. ఏడు కావస్తోంది. ఏడింటికి వాళ్ళకు ఆకలేస్తుంది. ఆకలేస్తే తెర దాకా వస్తారు, అత్తయ్య పద్ధతి ఆకలి ముందు ఆగదు. మొన్న వేడినీటి ఊట దగ్గర, ఆడవాళ్ళ స్నానాల్లో, కొతొనె తన వీపు రుద్దింది. చిన్నప్పుడు తను దాని వీపు రుద్దినట్టే, మెడ నుంచి కిందకి, నడుము దగ్గర గుండ్రంగా. "అమ్మా, నీ భుజాలు ఎంత గట్టిగా ఉన్నాయో, బండరాళ్ళలా" అంది. గంట తర్వాత బయట కలుద్దామని మగవాళ్ళతో చెప్పుకున్నారు, అంటే షిగెనొరి ఒక్కడితోనే. వీళ్ళు వచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గర నాలుగు గాజుసీసాల పాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తనకి కాఫీ కలిపినవి ఇష్టమని గుర్తుంచుకుని అదే తెచ్చాడు. అదీ ఆయనే. ఆ సీసా ఇచ్చిన చేతికీ, బూట్లు లెక్కపెట్టిన వేలికీ తేడా ఏమిటి? ఒకే చెయ్యి. ప్రేమ లేదని ఎవరంటారు, ఎవరూ అనరు, తనూ అనదు. అనలేకపోవడమే కష్టంగా ఉంది.

ఏడూ ఇరవైకి మలుపు వెనక నుంచి బండి వచ్చింది.

ముందు నెత్తిమీది గీత కనబడింది, కొమ్మ గీసినది. చేతిలో పొత్తు కిందపడింది. వచ్చారు. గంట దాటింది, మూడు గంటలు కాలేదు, కుక్కంత తొందరగా కాదు, మొగుడి కంటే ముందే. ఎవరు చూసి ఉంటారు? కొతొనె అయి ఉంటుంది. ఏడ్చి ఉంటుందా? బండి మజిలీ గుమ్మానికి దగ్గరగా, రెండు గళ్ళు ఆక్రమించి, వంకరగా ఆగింది, ఆయన ఎప్పుడూ అలా ఆపడు. షిగెనొరి దూకినట్టు దిగాడు. చిజురు బల్లల వెనక నుంచి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఆయన ఇటు చూడలేదు. నేల వైపు చూస్తూ, నడుం వంచి, రాత్రి బండి ఉన్నచోటికి పరుగులాంటి నడకతో వెళ్ళి, విరిగిన దిమ్మ చుట్టూ తిరిగాడు, పొదల్లోకి వంగి చూశాడు.

"నాన్నా, ఉన్నాయా?" కొతొనె కిటికీలోంచి అరిచింది.

"లేవే! ఇక్కడే విడిచి ఉండాలి!"

"నానమ్మ ఒకటే గొడవ. తాతయ్యను దారిలో వదిలేసి వచ్చావురా అంటోంది."

"వదల్లేదని చెప్పు, వచ్చాం కదా! ఆ మరుగుదొడ్ల దగ్గర ఎవరైనా పెట్టారేమో చూస్తాను, నువ్వు ఆడవాళ్ళ వైపు చూడు."

"అమ్మను లేపనా? అమ్మకు తెలుస్తుందేమో ఎక్కడ పెట్టారో."

"వద్దు వద్దు. తెర వేసుంది కదా. పాపం, పడుకోనీ. రాత్రి నేనే కసిరాను."

ఎత్తిన చెయ్యి దించుకుంది. కాళ్ళ వైపు చూసుకుంది. గోధుమరంగు ప్లాస్టిక్ చెప్పులు, ఎడమదాని పట్టీ ఒకసారి తెగితే మామగారు తీగతో కుట్టుకున్నది. ఇప్పుడు ఒక్క మాట చాలు. ఇక్కడున్నానండీ. ఆయన ముఖం తెల్లబోతుంది, నడుం వంచి దండం పెడతాడేమో, చెట్టుకొమ్మ రోజు ఫోనుకు పెట్టినట్టు. కొతొనె ఏడుస్తుంది, తర్వాత నవ్వుతుంది. తర్వాత కథ చెప్పుకుంటారు, చుట్టాలొచ్చినప్పుడల్లా. ఆ కథలో ప్రతిసారీ, ఎవరో ఒకరు అడుగుతారు, అయితే మీకెప్పుడు తెలిసింది అని. అప్పుడు ఆయన ఏం చెబుతాడు? ఆ జవాబు వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పుకోవడం తను నిలబడి వినలేదు. వాళ్ళు కూడా చెప్పలేరు. తండ్రీ కూతుళ్ళు చెరో గుమ్మంలోకి వెళ్ళారు. చిజురు చూరు కిందనుంచి బయటికి వచ్చి, తుంపరలో, మచ్చలు మచ్చలుగా మిగిలిన ఆ చోటికి నడిచి, చెప్పులు విడిచి, దిమ్మ పక్కన రెండూ కలిపి, మొనలు రోడ్డు వైపు తిప్పి పెట్టింది. తడితారు అరికాళ్ళకు చల్లగా తగిలింది. పరుగెత్తలేదు. బండి తలుపు తెరిచే ఉంది. పళ్ళెంలో మూడు జతలున్నాయి. ఆయన బూట్లు కాళ్ళకున్నాయి. కొతొనెవి కూడా దాని కాళ్ళకే కదా అనుకుంది, కాదు, ఆ తొందరలో పిల్ల దిగింది తన నీలం బూట్లలో. అత్తయ్యవీ కొతొనెవీ రెండు జతలు. అయితే మూడోజత? పాత తోలు బూట్లు, మడమ దగ్గర అరిగినవి. ఆయన మార్చుకోవడానికి తెచ్చుకున్నవి. అంటే రోజూ అక్కడ ఉండేవి అయిదు జతలు. నాలుగు అని రోజూ అరిచేవాడు. ఆయన వేలు అసలు దేన్నీ లెక్కపెట్టలేదు.

అత్తయ్య బల్ల దగ్గర, తలుపుకు వీపుపెట్టి, సముద్రం వైపు కూర్చుని ఉంది. చిజురు ఆవిడ వెనకగా నాలుగడుగులు వేసి, తెర పక్కకు తీసి, లోపలికి దూరి, తెర వేసుకుంది. దుప్పటి రాత్రి తను వదిలిన ఆకారంలోనే ఉంది. దానిలో పడుకుంది. రాత్రి చార్జింగుకు పెట్టి అక్కడే వదిలేసిన తన ఫోను పూర్తిగా నిండిందని పచ్చదీపం.

"ఇవిగో! ఎదురుగానే ఉన్నాయి! ఇందాక చూస్తే లేవే!" బయట షిగెనొరి గొంతు. అడుగుల చప్పుడు, మెట్టు మీద బరువు. "తీసుకోమ్మా, మీ ఆయన్ని. ఇక ఏడవకు. కొతొనె, ఎక్కు. చెప్పులు ఒక జత, సరే! ఇవాళ్టి నుంచి ఇదీ లెక్కలోకే." ముందు తలుపు మూసుకుంది. అత్తయ్య చెప్పులు ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తోందేమో, ఆవిడ అలవాటు అది, అడుగులు తుడిచి, తర్వాత లోపల చెయ్యి పెట్టి మడమ నుంచి వేళ్ళ దాకా తుడుస్తుంది. గుడ్డ చప్పుడు వినబడింది. ఆగిపోయింది. గంటకు పైగా తుంపరలో పడి ఉండాల్సిన చెప్పులు. లోపల తడిలేదు. మనిషి వేడి ఉంది.

చాలాసేపటి తర్వాత బల్ల కిర్రుమంది. గుడ్డ మళ్ళీ కదిలింది, ఈసారి కింద, నేలమీద. తలుపు దగ్గర ఒకసారి. కాస్త ఇవతల ఇంకోసారి. చిజురు తన తడి కాళ్ళ వైపు చూసుకుంది. మొదటి అడుగు, రెండో అడుగు, ఆ ముసలి మోకాళ్ళు ఒక్కో అడుగుకూ జరుగుతూ, మూడోది, తెర ముందు చివరిది. అక్కడ గుడ్డ ఆగింది. తెర అంచు ఊపిరికి కదిలినట్టు కొద్దిగా కదిలింది.

"చిజురూ," అంది అత్తయ్య తెర అవతల, ముందున్న వాళ్ళకు వినబడనంత మెల్లగా. "ఉన్నావా?"

"ఉన్నాను," అంది. వరసలో నిలబడి చెప్పినట్టే వచ్చింది. ఇంజను కదిలింది, గిన్నెలు ఒకదానికొకటి తగిలాయి. ఆ చప్పుడులో, ఎవరికి చెబుతున్నట్టూ కాకుండా, కప్పు వైపు చూస్తూ, "మా వంటశాల మూసేస్తున్నారు అత్తయ్యా," అంది. ఈసారి మాట పూర్తయింది.

తెర అవతల గుడ్డ కదలలేదు. బండి మలుపు తిరిగినా, ఆ మోకాళ్ళు అక్కడి నుంచి లేచిన చప్పుడు కాలేదు.